నాలుక బరువు

ట్రైలర్ ముక్కును పైకెత్తే జాకీ పిడి ఇంత తేలిగ్గా తిరుగుతుందని లోర్నా అనుకోలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఇల్లులాంటి ఆ ట్రైలర్‌ని ట్రక్కుకు తగిలించడం ఓరిన్ పని. వెనక నిలబడి చేతులూపుతూ "రా, రా, కాస్త కుడికి, ఆగు" అనడం ఆమె పని. ఈ ఏడు అతని కుడి భుజానికి ఆపరేషనయింది. చేతిని మెడకు వేలాడదీసుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పనంతా నోటితోనే చేసేస్తున్నాడు.

ట్రక్కు వెనకున్న ఇనుప బంతి మీద ట్రైలర్ గిన్నె సరిగా కూర్చుందో లేదో చూడమన్నాడు. గొళ్ళెం వేశాక జాకీని ఒకసారి పైకి తిప్పమన్నాడు. ట్రైలర్‌తో పాటు ట్రక్కు వెనక భాగం కూడా లేస్తే పట్టు కుదిరినట్టు. లేచింది. లోర్నా మళ్ళీ దించి, గొలుసులు రెండింటినీ నాలుక కిందినుంచి కత్తెరలా వేసి తగిలించింది. ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చే ఇనుప దూలాన్ని అక్కడ అందరూ నాలుకనే అంటారు. తర్వాత దీపాల ప్లగ్గు పెట్టింది. బారు గొట్టాన్ని మీటగా చేసుకుని, ఒళ్ళంతా బరువేసి, బరువును రెండు బండ్లకూ సర్దే స్ప్రింగు కడ్డీలను ఒక్కొక్కటే ఎత్తి బిగించింది. చివరికి, ఊగుడును పట్టి ఆపే చిన్న కడ్డీ మీద పిడి తిప్పింది.

"దీనికేనా ఇన్నేళ్ళూ అంత మూలిగేవాడివి? జాకీ పిల్లాడి బొమ్మలా తిరుగుతోంది" అంది.

"గ్రీజు పెట్టాను" అన్నాడు ఓరిన్.

పక్కింటి కిప్ కాఫీ కప్పుతో కంచె దాటి వచ్చాడు. నిన్న సాయంత్రం లోర్నా పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఓరిన్ రాళ్ళన్నీ ఎక్కించింది అతనే. ఓరిన్‌కు రాళ్ళ పిచ్చి. వేసవంతా ఆరెగాన్ కొండల్లో తవ్వి తెచ్చిన అగేట్ అనే చారల రాళ్ళు, రాయైపోయిన చెట్టు ముక్కలు, పగలగొడితే లోపల రంగులు కనబడే గుండ్రాళ్ళు, అన్నీ చలికాలం అరిజోనా ఎడారికి చేరాలి. అక్కడ అతనిలాంటి పిచ్చివాళ్ళు ఒకరి రాళ్ళు ఒకరికిచ్చి పుచ్చుకుంటూ మూడు నెలలు గడిపేస్తారు.

"నడుం విరిగింది పెద్దాయనా. రాళ్ళు కోసే నీ రంపం మిషను ట్రక్కులో చోటంతా తినేసింది, అందుకని ఆ రాళ్ళని..."

"కిప్, ఆ చక్రాల కింద చెక్కలు తీసిపెట్టవా" అన్నాడు ఓరిన్, మాట పూర్తి కానివ్వకుండా.

కిప్ చెక్కలు తీసి లోపల పడేశాడు. వెళ్ళబోతూ లోర్నా భుజం తట్టి, గోల్డ్‌ఫీల్డ్ దగ్గర కాస్త చూసుకొమ్మన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వాళ్ళ ఊరు బేకర్ సిటీలో ఆ సంగతి తెలియనివాడు లేడు. మూడేళ్ళ క్రితం గోల్డ్‌ఫీల్డ్ దాటాక దిగుడులో లోర్నా తోలుతున్న ట్రైలర్ పక్కకు ఒరిగి పడిపోయింది. ఆమె ఎడమ మణికట్టు విరిగి, డాక్టర్లు వేసిన ఇనుప రేకు అందులో ఉండిపోయింది. ఎడారిలో కలిసే మిత్రులు ఆమెకు ఆ ఊరి పేరే పెట్టారు. "ఏం గోల్డ్‌ఫీల్డ్, బాగున్నావా" అంటారు.

ఆ తర్వాత ఆమెను ఎవరూ ట్రైలర్ తోలమనలేదు, ఆమే అడగలేదు. ఈసారి భుజం పుణ్యమా అని ఓరిన్ ఎవరినైనా మాట్లాడదామన్నప్పుడు, తనే తోలుతానంది. ఎందుకన్నదో ఆమెకు తెలుసు. ఊరి ముసలివాళ్ళకు క్షవరం చేసే మనిషి లోర్నా. నలభై ఏళ్ళుగా గొంతుల మీద కత్తి ఆడించిన చేతులు, ఒక చెవి గీరుకున్నది లేదు. కానీ ఆ దిగుడు తర్వాత కత్తి పట్టినప్పుడల్లా ఊపిరి బిగబట్టడం మొదలైంది. తప్పు ఈ చేతుల్లో ఉందా లేదా? అది తేల్చుకోకుండా ఇంకో చలికాలం గడపడం ఆమె వల్ల కాదు.

జోర్డన్ వ్యాలీ దాటేదాకా బండి బాగానే నడిచింది. రోడ్డు తిన్నగా ఉంది, రెండు వైపులా బూడిద రంగు పొదలు. వెనకనుంచి గొడ్ల లారీ ఒకటి వచ్చి పక్కకు దాటింది. దాటుతున్నప్పుడు గాలి ట్రైలర్‌ని బయటికి తోసింది, దాటిపోయాక లోపలికి లాగింది. లోర్నాకు అది ముందు స్టీరింగులో తెలియలేదు, కూర్చున్న సీటులో తెలిసింది. ఎవరో ట్రక్కు తుంటి పట్టుకుని ఎడమకి లాగారు, కుడికి లాగారు, మళ్ళీ ఎడమకి. అద్దంలో ట్రైలర్ మూల ఒకసారి ఇటు, ఒకసారి అటు తొంగిచూసింది.

"చేతులు బిగించకు. నువ్వే ఊపుతున్నావు దాన్ని" అన్నాడు ఓరిన్.

ఆమె యాక్సిలరేటరు మీంచి కాలు తీసింది. కాసేపు ఊగి, దానంతటదే సర్దుకుంది.

"నేను తిప్పలేదు."

"తిప్పినట్టు నీకు తెలీదు లోర్నా. అదే చిక్కు. ఆవేళా అంతే."

ఆవేళ అన్న మాట చాలు, ఆమె నోరు పడిపోయేది. రెండు చేతులూ స్టీరింగు మీద వదులుగా పెట్టి, ఈసారి కదిలితే ఎవరు ముందు కదుల్తారో, తనా ట్రైలరా, చూద్దామని కాపు కాసింది. కానీ భయపడుతున్న మనిషికి తన చేతులు తనకే పరాయివవుతాయి. ఇంకో లారీ వచ్చింది, మళ్ళీ ఊగింది, ఎవరు ముందో తేలలేదు. వేగం తగ్గించింది. వెనక కార్లు బారు కట్టి హారన్లు మోగించాయి. తను అడ్డమై ఇంతమందిని ఏడిపిస్తున్నందుకు చెవులు వేడెక్కాయి.

వినెముకాలో ట్రైలర్ల పార్కులో ఆగేసరికి వీపు కొయ్యబారింది. ఓరిన్ మాత్రం దిగీ దిగగానే ఊగుడు కడ్డీ దగ్గరికి నడిచాడు. పిడి ఇంకా బిగించమన్నాడు. బిగించింది. ఇంకా అన్నాడు. గొట్టం వేసి తిప్పింది. అతను సంతృప్తిగా తలూపలేదు, అటూ ఇటూ చూసి ట్రైలర్ వెనక వైపుకి వెళ్ళి నిలబడ్డాడు. ఏం చూస్తున్నావంటే టైర్లు అన్నాడు.

మర్నాడు వాకర్ సరస్సు పక్కన గాలి పట్టుకుంది. కుడివైపు తల మీదికి వచ్చే కొండ, ఎడమవైపు కింద నీళ్ళు. గాలి కొండ మీంచి దూకి ట్రైలర్‌ని నీళ్ళకేసి తోస్తోంది. ఎదురు వచ్చే లారీ ప్రతిదీ దెబ్బ కొట్టి పోతోంది. లోర్నా నలభై మైళ్ళు దాటకుండా తోలింది. ఊగుడు మొదలైనప్పుడల్లా కాలు తీసి, స్టీరింగుని తిన్నగా పట్టుకుని, పళ్ళు కరుచుకుని కూర్చుంది. ఓరిన్ బాగున్న చేత్తో సీటు అంచు పట్టుకున్నాడు. ప్రతిసారీ అతని కళ్ళు ముందుకు కాదు, అద్దంలోకి పోతున్నాయి.

"వదులుగా పట్టుకో" అంటాడు. కాసేపాగి "గట్టిగా పట్టుకో" అంటాడు.

"ఏదో ఒకటి చెప్పు."

"నెమ్మదిగా పో. అంతే. నెమ్మదిగా."

సరస్సు దాటాక ఆమెకు చెమట చల్లారింది, మణికట్టు సలుపుతోంది. హాథార్న్‌లో శాండ్‌విచ్‌లు తిన్నారు. ఓరిన్ సగం వదిలేశాడు. తిండి వదిలే మనిషి కాదు, భుజం నొప్పేమో అనుకుంది.

టోనోపా చేరేసరికి ఇంకా ఎండ ఉంది. అక్కడినుంచి గోల్డ్‌ఫీల్డ్ అరగంట. పార్కు ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చుని ఓరిన్ బూట్ల వంక చూస్తూ, ఈ ఊళ్ళో ఎవరైనా లారీ తోలేవాడు దొరుకుతాడేమో అడుగుతానన్నాడు. ఆ దిగుడు దింపిపెడితే చాలు, తర్వాత మళ్ళీ ఆమే తోలొచ్చు.

లోర్నాకు ఒళ్ళు మండింది. రెండు రోజుల భయమంతా కోపమై గొంతులోకి వచ్చింది.

"నా చేతుల్లో ప్రాణం పెట్టడం ఇష్టం లేకపోతే బస్సెక్కు. నేనొక్కదాన్నీ దిగుతాను."

"అది కాదు లోర్నా."

"ఏది కాదు?"

 అతను చెప్పడానికి నోరు తెరిచాడు, అప్పుడే ఆఫీసులోంచి పిల్ల వచ్చి నీళ్ళ గొట్టం ఎటుందో చూపించింది. మళ్ళీ ఆ మాట రాలేదు. ఆ రాత్రి ఇద్దరూ గోడకొకరు తిరిగి పడుకున్నారు.

తెల్లారి మంచు పడి నేల గట్టిగా ఉంది. రాత్రి విప్పిపెట్టిన ట్రైలర్ దగ్గరికి ట్రక్కుని వెనక్కి తెచ్చి చూస్తే బంతి గిన్నెకు వేలెడు పక్కగా ఉంది. మళ్ళీ ట్రక్కు కదిపే ఓపిక లేక లోర్నా వంగి నాలుక కింద రెండు చేతులూ పెట్టి, కాస్త పక్కకు నెట్టుదామని పైకి లాగింది. లేచింది. అంత పెద్ద ట్రైలర్ ముక్కు, క్షవరాలు చేసుకునే అరవై ఏళ్ళ మనిషి చేతుల్లో, వేలెడు ఎత్తు లేచింది. బంతి మీదికి జరిపి దించింది.

అలాగే వంగి నిలబడిపోయింది. చిన్నప్పుడు తండ్రి దొడ్లో ఒంటి చక్రం బండితో పేడ మోసేది. పేడంతా ముందుకు పోస్తే పిడి తేలిపోయేది, వెనక్కి పోస్తే చేతులు తెగేవి. బరువెక్కడుందో చేతులకు తెలుస్తుంది. ఇప్పుడూ చేతులకు ఏదో తెలిసింది, తలకింకా చేరలేదు.

"ఓరిన్, దీని ముక్కు చేత్తో లేస్తోంది."

అతను అద్దం తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"ఏటవాలు నేల. అలాగే ఉంటుంది. ఎక్కు, గాలి లేవకముందే పోదాం."

నేల ఏటవాలుగా లేదు. కానీ ఆమె తలనిండా ఆ దిగుడే ఉంది, నేల గురించి వాదన వేసుకునే స్థితిలో లేదు. ఎక్కింది.

గోల్డ్‌ఫీల్డ్ వీధుల్లో నెమ్మదిగా పోయారు. ఓరిన్ సీటు బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఊరు దాటాక చిన్న ఎక్కుడు, దాని మీద రోడ్డు ఒక్క క్షణం ఆకాశంలోకి పోతున్నట్టుంటుంది, తర్వాత దిగుడు. లోర్నా ముందే గేరు తగ్గించింది. ఇంజను గట్టిగా మూలిగి బండిని పట్టి ఆపుతోంది. తను పడిన చోటు ఆమె చూడకూడదనుకుంది, చూసింది. అక్కడ ఏమీ లేదు, కంకర.

గాలి పక్కనుంచి కొట్టింది. అదే సమయంలో వెనకనుంచి బస్సంత ఇల్లు బండి ఒకటి దూసుకొచ్చి దాటింది. ట్రక్కు తుంటి ఎడమకి పోయింది. కుడికి వచ్చింది, ఇంకొంచెం ఎక్కువగా. మళ్ళీ ఎడమకి. ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దది. అద్దంలో ట్రైలర్ పక్క గోడంతా కనబడింది, తర్వాత ఆకాశం కనబడింది, మళ్ళీ గోడ. వెనక ఏదో దొర్లి గుద్దుకుంటున్న చప్పుడు.

"బ్రేకు తొక్కు!" అరిచాడు ఓరిన్. "లోర్నా, తొక్కు!"

ఆవేళా ఇదే మాట. ఆవేళ తొక్కింది. ట్రక్కు ఆగబోయింది, ట్రైలర్ ఆగలేదు, పక్కకు వచ్చి మడతపడింది.

ఈసారి కాలు తొక్కలేదు. యాక్సిలరేటరు మీంచి తీసి నేల మీద పెట్టేసింది. ఎడమ చేత్తో స్టీరింగుని తిన్నగా పట్టుకుని, ఊగుడికి ఎదురు తిప్పకుండా, కుడి చెయ్యి వదిలి మోకాలి పక్కన ఉన్న చిన్న మీట వెతుక్కుంది. ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు పట్టే మీట అది. బొటనవేలితో మెల్లిగా నొక్కింది, ఇంకాస్త నొక్కింది. వెనకనుంచి ఎవరో కాలరు పట్టుకుని లాగినట్టయింది. ట్రక్కు ముందుకు లాగుతుంటే ట్రైలర్ వెనక్కి లాగింది, మధ్యలో నాలుక తాడులా బిగిసి తిన్నబడింది. ఇంకొక్క ఊపు ఊగింది. ఇంకొక్కటి, చిన్నది. ఆగిపోయింది.

రబ్బరు కాలిన వాసన వచ్చింది.  నిరుడు చలికాలం ఎడారిలో ఒకప్పుడు దుంగల లారీ తోలిన ముసలావిడ ఆడవాళ్ళకు ట్రైలర్ తోలడం నేర్పితే, లోర్నా రోజూ వెళ్ళింది. దుప్పటి కుట్టడం నేర్చుకుంటున్నానని ఓరిన్‌తో చెప్పి వెళ్ళింది. ఆ దుప్పటి ఏదని అతను ఏడాదిగా అడగలేదు.

దిగుడు అడుగున రోడ్డు చీలే చోట విశాలంగా కంకర ఉంటే ఆపింది. దిగి తలుపు వేసింది. తర్వాత టైర్లు ఒక్కొక్కటే చేత్తో తాకి చూసింది. గొలుసులు చూసింది. దొర్లిన చప్పుడు గుర్తొచ్చి వెనక్కి నడిచింది.

"అక్కడేం లేదు. రా, గాలిలో నిలబడకు" అంటూ ఓరిన్ వెనకాలే వచ్చాడు. ఆపరేషనైన మనిషి అంత త్వరగా దిగడం ఆమె ఈ నెల్లాళ్ళలో చూడలేదు.

వెనక మంచం కింద పెద్ద అర ఉంది, బయటినుంచి తెరుచుకుంటుంది. తాళం తిప్పి తలుపు ఎత్తింది. బకెట్ల నిండా, సంచుల నిండా, సంచుల మీద విడిగా, పైకప్పు దాకా రాళ్ళు. అంచున ఉన్న గుండ్రాయి ఒకటి దొర్లి ఆమె కాళ్ళ దగ్గర పడింది.

 పొద్దున చేతులకు తెలిసింది ఇప్పుడు తలకు చేరింది. బరువంతా చక్రాల వెనక ఉంటే ముక్కు తేలిపోతుంది. ముక్కు తేలిన ట్రైలర్‌ని దేవుడొచ్చి తోలినా ఊగుతుంది.

"కిప్ పెట్టాడు. ట్రక్కులో చోటు లేక" అన్నాడు ఓరిన్.

"నువ్వు చూశావా?"

"బయల్దేరే పొద్దున చూశాను. నెమ్మదిగా పోతే ఏం కాదనుకున్నాను."

"మరి మూడు రోజుల్నించీ నా చేతులంటున్నావే."

 గాలికి అతని ఖాళీ చొక్కా చెయ్యి కొట్టుకుంటోంది. ఆ మొహంలో పట్టుబడిన మనిషి భయం చూసింది లోర్నా. ఇంత చిన్నదానికి అంత భయమెందుకో అర్థం కాలేదు, మరుక్షణం అర్థమైంది.

"ఆ ఏడు ఎక్కడున్నాయి రాళ్ళు?"

"లోర్నా..."

"ఎక్కడున్నాయి?"

"ఇక్కడే."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆవేళే. క్రేను తెచ్చినతను ఇది తెరిచి చూసి చెప్పాడు. నాలుక మీద బరువు లేకపోతే ఎవరు తోలినా ఇంతేనయ్యా, అన్నాడు."

"నేనెక్కడున్నాను అప్పుడు?"

"ఆస్పత్రిలో. చెయ్యి కడుతున్నారు." అతను కింద పడ్డ రాయిని బూటుతో పక్కకు తోశాడు. "నీకు చెబ్దామనే వచ్చాను. ఒట్టు. నేను లోపలికి వచ్చీ రాగానే నువ్వు ఏడుస్తూ, తప్పు నాదే ఓరిన్, నన్ను క్షమించు, అన్నావు. నేను ఊరుకున్నాను. ఒకసారి ఊరుకున్నాక ఇంక..."

"నువ్వు ఊరుకోలేదు. కథ చేశావు. ఏటేటా మంట చుట్టూ కూర్చోబెట్టి చెప్పావు. నేను చేతులెలా వణికించానో నటించి చూపించావు. నేనూ నవ్వాను."

ఓరిన్ రాళ్ళకేసి చూస్తున్నాడు. ఇప్పుడు కూడా చెబ్దామనే అనుకున్నాననీ, ఈ రాళ్ళు వెనక ఉన్నాయంటే ఆ ఏడు రాళ్ళూ వెనకే ఉన్నాయా అని అడుగుతావని నోరు రాలేదనీ గొణిగాడు.

"ఇందాక చచ్చిపోయేవాళ్ళం" అంది లోర్నా. ఆమె గొంతు పెరగలేదు. "చచ్చేదాకా చెప్పకుండా ఉండగలిగావు."

తర్వాత ఆమె రాళ్ళు దించడం మొదలుపెట్టింది. బకెట్ ఒకటి ఎత్తి, పొట్టకు ఆనించుకుని, ట్రైలర్ పొడుగునా నడిచి ముందు తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళి, భోజనం బల్ల కింద పెట్టింది. మళ్ళీ వచ్చింది. వద్దని, ఎవరినైనా పిలుద్దామని, ఇక్కడే పారబోద్దామని ఓరిన్ అన్నాడు. ఆమెకు వినబడలేదు. చివరికి అతను కూడా ఎడమ చేత్తో ఒక్కొక్క రాయీ తీసి మోశాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఎడారిలో రాళ్ళు మోసుకుంటున్న ఈ ముసలి జంటను వింతగా చూసుకుంటూ పోయారు. ముందు అరలు నిండాక మిగిలినవి ట్రక్కు వెనక సీటు మీద పేర్చింది. మణికట్టు వాచింది. కోపంతో కళ్ళు మసకబారుతున్నాయి, అయినా ఎక్కడో అడుగున ఒక సంతోషం, సిగ్గులేకుండా, పొంగుతూ వస్తోంది. తప్పు చేతుల్లో లేదు. ఎప్పుడూ లేదు.

ట్రైలర్‌ని బంతి మీంచి విప్పి, వంగి నాలుక కింద చేతులు పెట్టి లాగింది. కదల్లేదు. జాకీ తిప్పితే పిడి మూలిగింది, ఒక్కో చుట్టుకీ భుజం దిగిపోయింది. అన్నీ మళ్ళీ తగిలించి, ఎక్కి కూర్చుంది.

గాలి అలాగే ఉంది. లారీలూ అలాగే దాటాయి. ప్రతి లారీకీ ట్రైలర్ ఒకసారి భుజం విదిల్చి, తల్లి వెనక దూడలా బుద్ధిగా వచ్చింది. అరవై మైళ్ళ దగ్గర పెట్టి లోర్నా ఒక చేత్తో తోలింది. బియాటీ ఊరి చేరువలో మొదటిసారి నోరు విప్పింది.

"నేనెవరికీ చెప్పను ఓరిన్. చెప్పాల్సింది నేను కాదు."

అతను తలూపాడు. ఎడారి చేరేదాకా వాళ్ళమధ్య ఇంతకుమించి ఆ సంగతి రాలేదు. కాఫీ పోసినప్పుడు ఒకరికొకరు థాంక్స్ చెప్పుకున్నారు, అది ఇంకా అన్యాయంగా అనిపించింది లోర్నాకు.

అరిజోనాలో క్వార్ట్‌సైట్ బయట ఎడారిలో మిత్రుల ట్రైలర్లు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. లోర్నా తమ చోట్లోకి వెనక్కి నడిపించి ఒక్క తిప్పుడులో నిలబెట్టింది. డెల్మార్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. నెబ్రాస్కాలో ధాన్యం కొట్టు నడిపిన మనిషి, గొంతు పెద్దది, పొట్ట అంతకన్నా పెద్దది.

"ఏం గోల్డ్‌ఫీల్డ్, ఈసారి చక్రాలు కిందవైపే ఉన్నాయే!"

అందరూ నవ్వారు. లోర్నా చెక్కలు తీసి చక్రాలకు అడ్డం పెట్టింది.

పొద్దుగుంకేసరికి మంట వేశారు. డెల్మార్ భార్య ట్రూడీ పెద్ద గిన్నెతో చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె తెచ్చింది. ఈ ఏడు కొత్తగా ఒక జంట చేరింది, ఇంకా అందరి పేర్లూ నేర్చుకుంటున్నారు. గోల్డ్‌ఫీల్డ్ అని ఎందుకంటారని ఆ కొత్తావిడ అడిగింది. డెల్మార్ ఇందుకోసమే పుట్టినట్టు ముందుకు వంగి, అది ఓరిన్ నోట వినాలని, చేతులు కూడా చేసి చూపిస్తాడని అన్నాడు. కుర్చీలన్నీ ఓరిన్ వైపు జరిగాయి.

ఓరిన్ గిన్నె కింద పెట్టాడు. లోర్నా రొట్టె తుంచుకుంటూ మంటకేసి చూసింది. అతనికేసి చూడలేదు. చెప్తాడో లేదో ఆమెకు తెలియదు. పాత కథే ఎత్తుకుంటే లేచి లోపలికి పోయి, తెల్లారి ట్రక్కు వేసుకుని ఒక్కతే ఇంటికి పోవాలని మాత్రం తెలుసు.

"ఆవేళ రాళ్ళు నేను వెనక పెట్టాను" అన్నాడు ఓరిన్. "అందుకే పడింది. లోర్నా తప్పేం లేదు. నాకావేళే తెలిసింది, తెలిసి చెప్పలేదు."

మంట చిటపటలాడింది.  లోర్నా చేతిలో రొట్టె ఆగింది.

డెల్మార్ పకపకా నవ్వాడు.

"చూశారా? మొగుడంటే ఇలా ఉండాలి. కొత్తవాళ్ళ ముందు పెళ్ళాం పరువు పోకుండా నెత్తినేసుకున్నాడు!"

నవ్వులు అంటుకున్నాయి. ట్రూడీ గుండె మీద చెయ్యి వేసుకుని, ఎంత మంచివాడివి ఓరిన్ అంది. కొత్తావిడ కళ్ళు తడిశాయి కూడా, మోచేత్తో తన మొగుణ్ణి పొడిచింది. ఓరిన్ నిజమే చెప్తున్నానన్నాడు. భుజానికిచ్చిన మందులింకా దిగలేదని డెల్మార్ అన్నాడు. ఓరిన్ మళ్ళీ నిజమన్నాడు, ఈసారి గొంతు వణికింది, దానికీ నవ్వారు. ఏటేటా అతనే మేకు కొట్టి బిగించిన కథ అది, ఊడదీయబోతే ఊడి రావడం లేదు. తను చెప్పింది నిజమై ఉండి, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతూ ఉంటే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసిన మొహంతో, అతను లోర్నాకేసి చూశాడు.

అందరూ లోర్నాకేసి చూశారు. ఒక్క మాట అంటే చాలు. అవునండీ, నిజమే, అంటే చాలు, నమ్ముతారు.

"ఏమంటావు గోల్డ్‌ఫీల్డ్?" అన్నాడు డెల్మార్, కళ్ళు తుడుచుకుంటూ. "నీ మొగుడు బంగారం కదా?"

లోర్నా ఒళ్ళో పడిన రొట్టె పొడి దులుపుకుంది.

"వీళ్ళకి అర్థం కాలేదు ఓరిన్" అంది. "మళ్ళీ చెప్పు. మొదట్నించి చెప్పు. రాళ్ళు ఎక్కించిన దగ్గర్నించి."

ఓరిన్ ఎడమ చేత్తో మొహం తుడుచుకున్నాడు. కుర్చీని మంటకు దగ్గరగా జరుపుకున్నాడు. మొదలుపెట్టాడు. ఏ బకెట్‌లో ఏ రాళ్ళు పోశాడో చెప్పాడు, ఆ వెనక అర తలుపు తన నడుం ఎత్తుకు ఉంటుంది కనక అందులో పెట్టడం సుఖమని చెప్పాడు. దిగుడులో తనే బ్రేకు తొక్కమని అరిచానన్నాడు. ఎవరో ఇకిలించారు. అతను ఆగలేదు. క్రేను మనిషి అన్న మాటలు చెప్పాడు. తర్వాత ఆస్పత్రి గదిలోకి ఎలా వెళ్ళాడో, కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని లోర్నా ఏం అన్నదో, అప్పుడు తను ఏం అనలేదో చెప్పేసరికి, డెల్మార్ నవ్వడం లేదు.